కొత్త ఊళ్లో అసలు పెద్దలెవరో కనిపెట్టడం ఎలా

ఊరి సంగతి తెలియాలంటే కౌన్సిల్ సమావేశానికి వెళ్తే చాలనుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. కృష్ణా డెల్టాలోని ఒక మున్సిపల్ పట్టణంలో ఇరవై రెండేళ్లు విలేకరిగా చేశాను. అజెండాలో నలభై అంశాలుంటే పావుగంటలో 'ఆమోదం, ఆమోదం' అనేసి లేచిపోయేవారు. వాదనలన్నీ ముందురోజు రాత్రే క్లబ్బులో పేకబల్ల దగ్గర అయిపోయేవి. కొత్తగా వచ్చి ఇల్లు కట్టుకున్నవాళ్లు అడిగితే నేను చెప్పే పద్ధతి ఇదీ.

పొద్దున్నే ఐదున్నరకి గ్రౌండ్‌కి వెళ్లండి. నడక అయ్యాక వాకర్స్ క్లబ్ వాళ్లు ఏ టీ బడ్డీ దగ్గర ఆగుతారో చూడండి. ఎవరొస్తే మిగతావాళ్లు కుర్చీ ఖాళీ చేస్తున్నారు? డబ్బులిచ్చేది ఎవరు? మా ఊళ్లో ఇచ్చేది ఎప్పుడూ కాంట్రాక్టరే. ఎవరి టీకి ఇస్తున్నాడో ఆయనే మనకి కావలసిన మనిషి. మొదటి వారం మీరు మాత్రం నోరు విప్పొద్దు.

తర్వాత కాగితం పని. క్లబ్బులు చాలావరకు సొసైటీలుగా రిజిస్టరై ఉంటాయి. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురుంటే సొసైటీ పెట్టుకోవచ్చు. కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టి నకలు తీసుకోండి. దాని పక్కన గుడి ట్రస్టు బోర్డు, మార్కెట్ యార్డు కమిటీ, మిల్లర్ల సంఘం పేర్లు పెట్టుకోండి. నేనలా చేస్తే ఐదు పేర్లు అన్నిట్లోనూ తగిలాయి. అందులో ఒకాయన ఏనాడూ ఎన్నికల్లో నిలబడలేదు. నిలబడేవాళ్లకి పార్టీ టికెట్టు, అదే బీఫారం, ఇప్పించేది మాత్రం ఆయనే.

ప్రారంభోత్సవాల ఆహ్వాన పత్రికలు పారేయకండి. పైన ఉండేవి ప్రోటోకాల్ పేర్లు, వాటితో పనిలేదు. అడుగున 'ఆహ్వానించువారు' అని ఉన్నచోట ఆగి చదవండి.

ఇక కార్తీక మాసం. ఉసిరిచెట్టు కింద భోజనం కాస్తా కులానికో తోటగా మారిపోయింది. బయట మైకుల్లో తిట్టుకునే రెండు పార్టీలవాళ్లూ అక్కడ ఒకే పంక్తిలో పులిహోర తింటారు. చూస్తే ఒళ్లు మండుతుంది, కానీ చూడకపోతే ఊరు అర్థం కాదు. మీ కులం కాకపోతే ఎలాగూ పిలవరు. వంటవాళ్లని కదపండి. ఎన్ని విస్తళ్లు లేచాయో, ఖర్చు ఎవరు పెట్టుకున్నారో వాళ్లకి తెలిసినంత ఇంటెలిజెన్స్ వాళ్లకి కూడా తెలియదు.

పెద్దాయన ఎవరో తెలిసింది కదా అని వెంటనే వెళ్లి పని అడగకండి. నేను అడిగి చెడ్డాను. మా వీధి డ్రైను మీద మూడుసార్లు వార్త రాసినా చీమ కుట్టలేదు. ఒకరోజు క్లబ్బు షటిల్ కోర్టు దగ్గర ఆయన చెవిన వేస్తే వారం తిరక్కుండా జేసీబీ వచ్చింది. ఆర్నెల్ల తర్వాత ఆయన అల్లుడు పొలాలకి నీళ్లు వెళ్లే పంటబోదె పూడ్చి లేఅవుట్ వేశాడు. ఆ వార్త నేను రాయలేకపోయాను. మా వీధి నీళ్లు పారినప్పుడల్లా అదే గుర్తొచ్చేది.

అందుకని మీకంటూ ఒక జట్టు ఉండాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకునే చదువుల దగ్గర కలుసుకున్న ఆడవాళ్లు సారాకి ఎదురుతిరిగారు. ఆ ఉద్యమం జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్లకి ఏ క్లబ్బులోనూ సభ్యత్వం లేదు. మీ వీధిలోనూ డ్వాక్రా గ్రూపు ఉంటుంది. పదీ పన్నెండు మంది, నెలనెలా మీటింగు. మగవాళ్లు దాన్ని అప్పుల లెక్క అనుకుని వదిలేస్తారు. మీరు మాత్రం మీ ఇంట్లోవాళ్లతో అక్కడ మీ సమస్య చెప్పించండి.

ఈలోగా పది రూపాయలు కట్టి, మీ వీధి పనికి ఎంత మంజూరైందో సమాచార హక్కు కింద మున్సిపాలిటీని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ కాగితం చేతికొచ్చాక గ్రూపు మొత్తం కలిసి సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునేచోటికి వెళ్లండి. ఒక్కరే వెళ్తే రసీదు చేతిలో పెట్టి పంపించేస్తారు.