కంపైలర్ డబ్బాలో, డీబగ్గర్ బల్ల మీద

"అక్కా, ఫ్లాష్ సరిపోలేదని వస్తోంది" అన్నాడు కర్నూలు నుంచి వచ్చిన కొత్త కుర్రాడు, చేరిన రెండో రోజే. కోడ్ అదే, మేక్‌ఫైల్ (బిల్డ్ ఎలా చేయాలో రాసిన ఫైల్) అదే. నా మెషీన్‌లో చక్కగా బిల్డ్ అవుతోంది. వాడి ల్యాప్‌టాప్‌లో మాత్రం 312 బైట్లు ఎక్కువయ్యాయని లింకర్ (కంపైలైన ముక్కల్ని కలిపి ఒక ప్రోగ్రాం చేసే టూల్) మొండికేసింది. మా చిప్ ఎస్‌టీఎమ్32ఎఫ్103 అనే మైక్రోకంట్రోలర్, ఫ్లాష్ (ప్రోగ్రాం నిలిచే మెమరీ) 64 కేబీ. అందులో మాకు అప్పటికే ఊపిరాడట్లేదు. సగం రోజు కోడ్‌లోనే వెతికాం. తీరా చూస్తే తేడా కంపైలర్‌లో, అంటే మన కోడ్‌ని చిప్ భాషలోకి మార్చే టూల్‌లో, ఉంది. నాది ఉబుంటు 22.04, ఆప్ట్‌లో (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే కమాండ్) వచ్చే ఆర్మ్ జీసీసీ కంపైలర్ 10.3. వాడిది 24.04, అందులో వచ్చేది 13.2. కంపైలర్ మారితే దాంతో వచ్చే న్యూలిబ్ అనే సీ లైబ్రరీ కూడా మారుతుంది. ప్రింట్‌ఎఫ్ లాంటివన్నీ అందులోనివే, కాబట్టి సైజూ మారింది.

ఆ శని, ఆదివారాలు బెంగళూరు మారతహళ్లిలో నా గదిలో కూర్చుని బిల్డ్ మొత్తాన్ని డాకర్‌లోకి మార్చాను. డాకర్ అంటే టూల్స్ అన్నిటినీ ఒక డబ్బాలో (కంటెయినర్) పెట్టి, ఏ మెషీన్‌లోనైనా అవే వెర్షన్లతో నడిపేది. మీరు చేసేటప్పుడు నేను చేసిన తప్పు మాత్రం చేయకండి. అన్నీ డబ్బాలోనే ఉండాలని పట్టుబట్టి, ఎస్‌టీ-లింక్‌ని (చిప్‌లోకి కోడ్ ఎక్కించి డీబగ్ చేసే యూఎస్‌బీ పరికరం) కూడా లోపలికి తోయబోయాను. శనివారం సాయంత్రమంతా దానికే పోయింది. కంపైలర్, మేక్, పైథాన్ స్క్రిప్టులు లోపల ఉండాలి. బోర్డుకి వైరు తగిలేవన్నీ, అంటే ఓపెన్‌ఓసీడీ (ఎస్‌టీ-లింక్‌తో మాట్లాడే ప్రోగ్రాం), సీరియల్ టెర్మినల్ (బోర్డు పంపే అక్షరాలు చూపేది), బయటే ఉండాలి.

ముందు డాకర్‌ఫైల్, అంటే డబ్బాలో ఏమేం ఉండాలో రాసే ఫైల్. మొదటి లైన్‌లో బేస్ ఇమేజ్‌కి (డబ్బాకి పునాది అయ్యే అచ్చు) లేటెస్ట్ అని రాయకండి. 22.04 అని రాసినా పూర్తిగా చాలదు. ఆ ట్యాగ్ కింద ఉండే ఇమేజ్ సెక్యూరిటీ ప్యాచ్‌లతో మారుతూనే ఉంటుంది. డైజెస్ట్, అంటే షా256తో మొదలయ్యే ఆ పొడవాటి సంఖ్య (లోపలి సరుకుకి వేలిముద్ర లాంటిది) రాస్తే కదలదు. కంపైలర్‌ని ఆప్ట్‌తో కాకుండా ఆర్మ్ సైట్ నుంచి టార్‌బాల్‌గా (ఒకే కట్ట ఫైల్‌గా) తెచ్చుకోండి. మేం 10.3-2021.10 తీసుకున్నాం. డౌన్‌లోడ్ చేశాక దాని షా256 ఒకసారి లెక్కగట్టి డాకర్‌ఫైల్‌లోనే రాసేయండి, సరిపోకపోతే బిల్డ్ అక్కడే ఆగిపోవాలి. డౌన్‌లోడ్, చెక్, విప్పడం, టార్‌బాల్ చెరిపేయడం, ఈ నాలుగూ ఒకే రన్ లైన్‌లో ఉండాలి. ఇమేజ్‌లో ప్రతి రన్ లైన్ ఒక లేయర్ (పొర) అవుతుంది; చెరపడం వేరే లైన్‌లో పెడితే ఫైల్ కనబడదు కానీ కింది లేయర్‌లో అలాగే ఉంటుంది, ఇమేజ్ సైజు తగ్గదు.

టీమ్‌లో ఎవరి దగ్గరైనా ఎమ్ సిరీస్ మ్యాక్ ఉంటే వాళ్లకి ఏఆర్చ్64 (ఆర్మ్ ప్రాసెసర్ల) టార్‌బాల్ కావాలి, మిగతావాళ్లకి ఎక్స్86 (ఇంటెల్, ఏఎమ్‌డీలది). డాకర్‌ఫైల్‌లో ఆర్కిటెక్చర్ చూసి ఎంచుకునేలా ఒక కండిషన్ పెట్టండి. ఈ 10.3తో వచ్చే జీడీబీ (డీబగ్ చేసే ప్రోగ్రాం) పాత ఎన్‌కర్సెస్ 5 లైబ్రరీ అడుగుతుంది. దాని కోసం తంటాలు పడకుండా ఆప్ట్ నుంచి జీడీబీ-మల్టీఆర్చ్ పెట్టుకున్నాను, హాయిగా ఉంది.

ఇక రన్ చేయడం. కోడ్ ఫోల్డర్‌ని డబ్బాలో వర్క్ అనే ఫోల్డర్‌గా మౌంట్ చేయండి, అంటే బయటి ఫోల్డరే లోపలా కనబడేలా. ఇలా వదిలేస్తే బిల్డ్ ఫైళ్లన్నీ రూట్ (అడ్మిన్ యూజర్) పేరు మీద పుడతాయి. తర్వాత బయట నుంచి మేక్ క్లీన్ కొడితే పర్మిషన్ లేదంటుంది. అందుకే యూజర్ ఆప్షన్‌లో మీ యూజర్ ఐడీ, గ్రూప్ ఐడీ ఇవ్వండి. అప్పుడు లోపల ఆ యూజర్‌కి హోమ్ ఫోల్డర్ ఉండదు, కొన్ని టూల్స్ దానికీ అలుగుతాయి. హోమ్ వేరియబుల్‌ని టీఎమ్‌పీ ఫోల్డర్‌కి మళ్లిస్తే సరి. ఈ ఆప్షన్లన్నీ ఎవరికీ గుర్తుండవు కాబట్టి మూడు లైన్ల షెల్ స్క్రిప్టు రాసి రిపోలో పెట్టేయండి. మా కుర్రాడికి ఇప్పటికీ డాకర్ కమాండ్లు రావు, బిల్డ్ అని కొట్టడం వచ్చు. అంతే చాలు.

డీబగ్గింగ్‌కి వద్దాం. బయట ఓపెన్‌ఓసీడీ నడుస్తుంటే అది 3333 పోర్టులో జీడీబీ కోసం ఎదురుచూస్తుంది. లైనక్స్‌లో కంటెయినర్‌కి నెట్‌వర్క్ హోస్ట్ అని ఇస్తే లోపలి లోకల్‌హోస్ట్, బయటి లోకల్‌హోస్ట్ ఒకటే. జీడీబీ నేరుగా తగులుకుంటుంది. విండోస్‌లో, మ్యాక్‌లో డాకర్ డెస్క్‌టాప్ అయితే హోస్ట్ డాట్ డాకర్ డాట్ ఇంటర్నల్ అనే పేరు వాడాలి. కొందరు ఓపెన్‌ఓసీడీకి బైండ్‌టు 0.0.0.0 (నెట్‌వర్క్‌లో ఎవరైనా తగులుకోవచ్చు అని) పెట్టేయమని సలహా ఇస్తారు. ఆఫీసు వైఫైలో ఆ పని చేయకండి. 4444లో టెల్‌నెట్ (కమాండ్లు పంపే దారి) కూడా తెరుచుకుంటుంది. పక్క బల్ల వాళ్లు సరదాకి మీ చిప్‌ని ఎరేజ్ చేసినా మీకు తెలియదు.

మరీ యూఎస్‌బీ లోపలికి వెళ్లాల్సిన సందర్భం ఒకటుంది: బోర్డు తగిలించి ఉంచిన టెస్ట్ మెషీన్. డివైస్ ఆప్షన్ ఇస్తే పనిచేసినట్టే ఉంటుంది. కేబుల్ ఒకసారి తీసి పెట్టగానే కెర్నెల్ ఆ డివైస్‌కి కొత్త నంబర్ ఇస్తుంది, కంటెయినర్ మాత్రం పాత నంబర్ పట్టుకుని కూర్చుంటుంది. నా శనివారం సాయంత్రం పోయింది ఇక్కడే. దీనికి మందు: డెవ్ కింద బస్ లోని యూఎస్‌బీ ఫోల్డర్ మొత్తాన్ని మౌంట్ చేసి, సీగ్రూప్ రూల్‌లో (కంటెయినర్ ఏ డివైస్‌లు ముట్టుకోవచ్చో చెప్పేది) మేజర్ నంబర్ 189కి, అంటే యూఎస్‌బీ డివైస్‌ల రకానికి, అనుమతి ఇవ్వడం. సీరియల్ పోర్టు పేరు టీటీవై-ఏసీఎమ్ అయితే 166, టీటీవై-యూఎస్‌బీ అయితే 188. ప్రివిలెజ్డ్ (అన్ని డివైస్‌లకీ అనుమతి) అని కొడితే ఇవేవీ అక్కర్లేదు, నిజమే. తలుపుకి తాళం పని చేయట్లేదని తలుపే పీకేసినట్టుంటుంది.

యూడెవ్ రూల్స్ (తగిలించిన పరికరాన్ని ఎవరు వాడొచ్చో లైనక్స్‌కి చెప్పేవి) బయటి మెషీన్‌లోనే రాయాలి, కంటెయినర్‌లో రాస్తే చదివే దిక్కుండదు. వాటిలో రాయాల్సిన ఎస్‌టీ-లింక్ వెండర్ ఐడీ (తయారీదారు నంబర్) 0483. ఉబుంటు డెస్క్‌టాప్‌లో మోడెమ్‌మేనేజర్ అని ఒకటుంటుంది, ఏసీఎమ్ పోర్టు కనబడగానే అది మోడెమ్ అనుకుని పలకరిస్తుంది. మీ బోర్డు బూట్ అవగానే అర్థంలేని అక్షరాలు అందుకుంటుంటే ముందు దాన్ని అనుమానించండి.

విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే నడిచే లైనక్స్) వాడేవాళ్లకి, యూఎస్‌బీ పరికరాన్ని అందులోకి పంపే యూఎస్‌బీఐపీడీ కావాలి. తీసి పెట్టిన ప్రతిసారీ మళ్లీ అటాచ్ చేయాలి, మామూలుగా అయితే. మా కుర్రాడి ఉబుంటు మొదట డబ్ల్యూఎస్‌ఎల్‌లోదే, ఈ బాధ పడలేకే నేరుగా లైనక్స్‌కి మారాడు. వాడు ఎస్‌పీ రోడ్‌లో చవగ్గా కొన్న ఎస్‌టీ-లింక్ వీ2 నకలుకి ఏసీఎమ్ పోర్టు రావట్లేదని ఒక పూట వెతికాడు. ఆ నకళ్లలో వర్చువల్ సీరియల్ పోర్టు ఉండదు. సీహెచ్340 అనే యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ విడిగా తగిలించుకోవాలి, అది టీటీవై-యూఎస్‌బీగా వస్తుంది.

చివరగా పరీక్ష. రెండు మెషీన్లలో బిల్డ్ చేసి బిన్ ఫైలుకి షా256సమ్ చూడండి. మాకు మొదటిసారి కలవలేదు. వెర్షన్ స్ట్రింగ్‌లో డేట్, టైమ్ మాక్రోలు (బిల్డ్ చేసిన తేదీ, సమయం నింపేవి) వాడాం, సెకను మారినా బైనరీ మారుతుంది. సోర్స్ డేట్ ఎపాక్ అనే వేరియబుల్‌లో గిట్ కమిట్ టైమ్ పెడితే జీసీసీ ఆ మాక్రోలకి దాన్నే వాడుతుంది. అసర్ట్‌లలో (కోడ్‌లో పెట్టుకునే తనిఖీలు) దూరే ఫైల్ పాత్‌ల గొడవ మాకు రాలేదు. లోపల అందరికీ ఫోల్డర్ వర్కే కదా.

సోమవారం వాడి బల్ల దగ్గర ఇద్దరం చెరో స్క్రీన్ మీద హ్యాష్ (ఆ షా256 సంఖ్య) చదువుకున్నాం. మొదటి ఎనిమిది అక్షరాలు కలిశాక వాడు ఆపేశాడు. నేను చివరిదాకా చదివించాను.