అరికాళ్ల మంటతో నిలబడి పనిచేసేవాళ్లకి

షుగర్ వల్ల కాలి నరాలు దెబ్బతిన్నవాళ్లు కౌంటర్ దగ్గరో, తరగతి గదిలోనో పనిచేస్తుంటే గంటకోసారి ఐదు నిమిషాలు కూర్చోండి, మంట మొదలయ్యాక కాదు, ముందే. ఎత్తు స్టూలు దొరికితే పని ఆగదు కూడా.

బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. పొడవైన వేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి. తొడుక్కునే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడాలి. స్పర్శ తగ్గిన కాలికి చిన్న రాయి కూడా తెలియదు, ఇంటికొచ్చేసరికి పుండు పడుతుంది. హవాయి చెప్పులైతే జారిపోయినా తెలియదు.

మంట తగ్గుతుందని వేడినీళ్లలోనో, ఐసునీళ్లలోనో కాళ్లు పెట్టేవాళ్లు చాలామంది. చర్మం కమిలినా తెలియని కాళ్లవి, ఆ పని మానండి.

ఈ మంటకి పారాసిటమాల్ పెద్దగా పనిచెయ్యదు. డాక్టర్ నరాల నొప్పికి వాడే ప్రీగాబాలిన్‌గానీ గాబాపెంటిన్‌గానీ రాస్తే కొత్తలో మత్తుగా, తూలినట్టు ఉంటుంది. మొదటి మాత్ర సెలవుకి ముందు రాత్రి వేసుకోవచ్చేమో అడగండి. మత్తు ఎంతో తెలిసేదాకా బండి తీయొద్దు. తగ్గింది కదా అని ఒక్కసారిగా ఆపేస్తే నిద్ర పట్టదు, చెమటలు పోస్తాయి, నొప్పీ తిరగబెడుతుంది. డోసు మెల్లగా తగ్గించాల్సింది డాక్టరే.

ఇంకోటి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో విటమిన్ బీ12 తగ్గొచ్చు, దానికీ ఇలాగే మంట, తిమ్మిర్లు వస్తాయి. అన్నీ షుగర్ మీదకి నెట్టకుండా ఆ రక్తపరీక్ష కూడా చేయించండి.