పౌలు పత్రికల్లో ధర్మశాస్త్రం గొడవ ఎట్లా చదవాలి

నల్గొండలో మా ఆదివారం బైబిల్ క్లాసులో గలతీ పత్రిక, అంటే గలతీయ సంఘాలకు పౌలు రాసిన ఉత్తరం, తీయగానే అందరికీ టెన్షన్. క్రీస్తును నమ్మిన అన్యజనులు (యూదులు కానివాళ్లు) కూడా మోషే ధర్మశాస్త్రం పాటించాలా అన్నదే ఆ గొడవ. ముందు 2:11-14 చదవండి: అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరి నుంచి మనుషులు రాగానే వెనక్కి తగ్గాడు, పౌలు అందరి ముందే నిలదీశాడు. బంతిలోంచి లేచిపోవడం ఎంత పెద్ద మాటో మన ఊళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. తర్వాత సున్నతి, అదీ ధర్మశాస్త్రం చెప్పిందే. పౌలు తోటి పనివాడు, గ్రీకువాడైన తీతును సున్నతికి బలవంతం చేయలేదు (గలతీ 2:3), ఇంకో తోటి పనివాడు, తల్లి యూదురాలైన తిమోతికి మాత్రం పౌలే చేయించాడు (అపొస్తలుల కార్యములు 16:3). ఈ రెండూ పక్కపక్కన రాసుకుంటే, పౌలు ధర్మశాస్త్రాన్ని కొట్టేశాడని తేల్చేయడం అంత ఈజీ కాదు. ఇక కార్యములు 15లో యెరూషలేము పెద్దలు అన్యజనులు మానుకోవాలన్న నాలుగింటిలో రక్తం కూడా ఉంది, నల్ల (రక్తం) వేపుడు ఇష్టపడేవాళ్లు అక్కడ కాసేపు ఆగండి.