పొగమంచులో దారి: ఇంగ్లీషు నవలకు పటం గీయించడం (మూడవ పాఠం)

గత పాఠంలో చార్లెస్ డికెన్స్ నవల ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ మొదటి అధ్యాయాన్ని తొమ్మిదో తరగతిలో బిగ్గరగా చదివి వినిపించే పద్ధతిని చూశాం. ఈసారి ఆ అధ్యాయం ఆధారంగా పిల్లల చేత చేయించవలసిన మొదటి ప్రాజెక్టును, అంటే కథ జరిగిన నేలకు పటం గీయించడాన్ని, నేర్చుకుందాం.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. మన బడుల్లో సాహిత్యం మీద ప్రాజెక్టు అనగానే చార్టు మీద రచయిత ఫోటో అంటించి, పుట్టిన తేదీ, పుస్తకాల జాబితా రంగు పెన్నులతో రాసుకురావడం ఆనవాయితీ అయింది. పుస్తకం తెరవకుండానే ఆ చార్టు పూర్తి చేయవచ్చు. అందువల్ల అది చేతిరాత పరీక్షే తప్ప సాహిత్య పాఠం కాదు. ప్రాజెక్టు ఇచ్చే ముందు మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: పుస్తకం చదవని పిల్లవాడు దీన్ని చేయగలడా? చేయగలిగితే దాన్ని పక్కన పెట్టేయండి.

పటానికి ఈ అధ్యాయాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. కథ మొదలయ్యేది ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, థేమ్స్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న చిత్తడి నేలల్లో. నది వంపులను అనుసరించి కొలిస్తే తన ఊరు సముద్రానికి ఇరవై మైళ్ళ లోపే ఉంటుందని కథ చెప్పే పిప్ అంటాడు. అంటే సుమారు 32 కిలోమీటర్లు. సమాధుల దొడ్డి అవతల చదునైన నేల, దాన్ని కోసుకుంటూ పోయే కాలువలు, మట్టి దిబ్బలు, గేట్లు, అక్కడక్కడ మేస్తున్న పశువులు, ఆ వెనక సీసం రంగు గీతలా నది, ఇంకా దూరాన గాలిని విసిరికొడుతున్న సముద్రం. ఇవన్నీ రచయిత ఒకే పేరాలో పెట్టాడు. కొండప్రాంతపు పిల్లలకు ఈ పేరాను బొమ్మలు చూపించి వివరించాలి. గోదావరి పాయలైన గౌతమికీ వసిష్ఠకూ నడుమ కోనసీమలో పుట్టి, కాలువ గట్టు మీదుగా బడికి వచ్చే పిల్లలకు అంత శ్రమ అక్కరలేదు.

అయితే ఈ పోలిక మరీ సులువుగా కుదిరిపోయిందని సంతోషించవద్దు. అది వరి పండే నేల కాదు. పోటు వచ్చినప్పుడు నీరు ఎక్కే బాడవ. కాలం డిసెంబరు, క్రిస్మస్ ముందురోజు సాయంత్రం. చలి ఎముకలు కొరికే రకం. మరో తేడా ఇంకా ముఖ్యమైనది. కోనసీమలో ఎటు చూసినా కొబ్బరి చెట్లు అడ్డం వస్తాయి కాబట్టి మన పిల్లలకు చదునైన నేల తెలుసుగాని, కనుచూపు మేర ఏమీ లేని చదును అంతగా తెలియదు. వేసవిలో గోదావరి ఇసుక తిన్నెల మీద, లేదా అంతర్వేది దగ్గర సముద్రపు ఒడ్డున నిలబడిన అనుభవాన్ని గుర్తు చేసుకోమనండి. అలాంటి చోట నిలువుగా ఉన్నది ఏదైనా మైళ్ళ దూరానికి కనిపిస్తుంది. పిప్‌కు అలా కనిపించేవి రెండే: ఓడవాళ్ళకు గురుతుగా కొయ్య మీద నిలిపిన, పట్టీలు ఊడిన పీపా లాంటి వస్తువు, ఒకప్పుడు సముద్రపు దొంగ శవాన్ని గొలుసులతో వేలాడదీసిన ఉరికొయ్య. సమాధుల దొడ్డిలో చిన్నపిల్లవాడైన పిప్‌ను పట్టుకుని, తిండీ ఆకురాయీ తెమ్మని బెదిరించిన ఖైదీ, జైలు నుంచి పారిపోయి వచ్చినవాడు, కుంటుకుంటూ ఆ ఉరికొయ్య వైపే నడిచిపోతాడు.

ఇక పని. నలుగురేసి పిల్లలకు ఒక పెద్ద కాగితం ఇవ్వండి. పటంలో పెట్టే ప్రతి వస్తువుకూ ఒక అంకె వేసి, కాగితం వెనక అదే అంకె కింద దానికి ఆధారమైన ఇంగ్లీషు వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా రాయించాలి. వాక్యం చూపలేని వస్తువు పటంలో ఉండకూడదు. ఊరు చర్చికి మైలు దూరమో అంతకంటే కాస్త ఎక్కువో అని ఉంది, కాబట్టి కొలబద్ద దొరికినట్టే. పిల్లలు అలవాటుగా మూలన బాణం గుర్తు వేసి ఉత్తరం అని రాస్తారు. ఏ వాక్యాన్ని బట్టి రాశారని అడగండి. సమాధానం లేకపోతే చెరిపించండి. పుస్తకం చెప్పని చోట ఖాళీ వదిలే ధైర్యం రావడం ఈ పాఠంలో సగం ఫలితం.

మూడవ అధ్యాయం చదివాక పటాన్ని మళ్ళీ బల్ల మీదికి తీయాలి. తెల్లవారుజామున పిప్ తిండీ ఆకురాయీ తీసుకుని, ఖైదీ రమ్మన్న పాత ఫిరంగి దిబ్బకు బయలుదేరతాడు. పొగమంచులో మరీ కుడివైపుకు పోయి, నది ఒడ్డున బురదకు పైనున్న రాళ్ళ గట్టు వెంట వెనక్కి రావలసి వస్తుంది. ఈ ఒక్క వాక్యంతో నాలుగు జట్ల పటాల్లో మూడైనా తప్పు తేలతాయి. నదిని ఎడమవైపు గీసినవారు దిబ్బను జరపాలా, నదినే జరపాలా అని వాదించుకుంటారు. ఆ వాదన పీరియడ్ మొత్తం తినేసినా అడ్డుపడవద్దు. వాదించేవాడు తన పక్షం నిలబెట్టుకోవడానికి అదే పేరాను నాలుగుసార్లు చదువుతాడు, మనం బతిమాలినా చదవనివాడు కూడా.

పటం పైనుంచి చూసే చూపు. భయం అందులో పట్టదు. అందుకే రెండో కాగితం మీద పిల్లవాడి కంటి ఎత్తునుంచి కనిపించేది గీయించండి. అధ్యాయం చివర పిప్ వెనక్కి తిరిగి చూసినప్పుడు చిత్తడి నేల నల్లని పొడవాటి అడ్డగీత, నది అంత వెడల్పూ అంత నలుపూ లేని మరో గీత, ఆకాశం ఎర్రని, నల్లని గీతల వరస. వాటి మీద ఆ రెండు నిలువు వస్తువులు. బొమ్మలు రావని వెనక బెంచీలో కూర్చునే పిల్లలు కూడా గీతలు గీయగలరు; ఎంతో నేర్పుగా గీసే అమ్మాయి మాత్రం లేని చెట్లూ పక్షులూ చేర్చి పాడు చేసే అవకాశం ఉంది.

ఆ తరువాత ఆసక్తి ఉన్న జట్టుకు ఇదే సన్నివేశాన్ని డెల్టాకు మార్చి రాసే పని ఇవ్వవచ్చు. ఇందుకు మన దగ్గరే పూర్వోదాహరణ ఉంది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన ఇంగ్లీషు నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ను ఆధారం చేసుకుని ‘రాజశేఖర చరిత్రము’ రాశారు. ఆ కథను ధవళేశ్వరంలో మొదలయ్యేట్టు మార్చారు. డికెన్స్ కూడా ఉన్న చోటును ఉన్నట్టు దించలేదు. కెంట్‌లోని కూలింగ్ గ్రామపు చర్చి దొడ్డిలో చిన్నపిల్లల సమాధి రాళ్ళు 13 ఉన్నాయి. నవలలో పిప్ తమ్ముళ్ళూ అన్నలవి ఐదే.

మార్చేటప్పుడు ఏది కదిలించవచ్చు, ఏది కదిలించకూడదు అన్నదే అసలు చిక్కు. పిప్ దొంగిలించిన రొట్టె, జున్ను స్థానంలో ఏ తిండి పెట్టినా నష్టం లేదు. కానీ పంది మాంసం కూరి కాల్చిన ‘పై’ అనే వంటకం సంగతి వేరు. అది పండుగ విందుకోసం దాచినది, పైగా ఆ విందుకు వచ్చే పంబుల్‌చుక్ కానుకగా ఇచ్చినది. అది మాయమైన సంగతి ఇచ్చినవాడి ఎదుటే బయటపడాలి. కాబట్టి అరిసెలు అని రాస్తే చాలదు. వాటిని తెచ్చిన మేనమామ పండుగ పూట భోజనానికి కూర్చోవాలి. క్రిస్మస్‌ను సంక్రాంతిగా మార్చి తీరాలని కూడా లేదు. మన ఊళ్ళలో క్రిస్మస్ చేసుకునే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. నది మీద లంగరు వేసిన జైలు ఓడ, ఖైదీ తప్పించుకున్నాడని చాటే ఫిరంగి మోత ఇక్కడ లేవు. వాటికి బదులు ఏమిటో పిల్లలే వెతకాలి, మీరు చెప్పకండి.

మార్కుల విషయం త్వరగా ముగిద్దాం. ఇరవైలో పది ఆధార వాక్యాలకు, ఐదు నిజాయితీగా వదిలిన ఖాళీలకు, ఐదు ఒక్క మౌఖిక ప్రశ్నకు. బొమ్మ అందానికి ఏమీ లేదు. ప్రశ్న జట్టులో ఒక్కొక్కరికి వేరుగా ఉండాలి. ఉదాహరణకు: మీ అమ్మ ఎక్కడ అని అడిగిన ఖైదీ, అక్కడ అని పిప్ చూపించగానే ఎందుకు పరుగు లంకించుకోబోయాడు? పిప్ చూపించింది సమాధిని అని చదివినవాడు నవ్వుతూ చెబుతాడు.

వచ్చే పాఠానికి ముందు మొదటి, మూడవ అధ్యాయాలకు మీరే పటం గీసి, వెనక వాక్యాలు రాసి పెట్టుకోండి. పిల్లలు వేసే ప్రశ్నల్లో చాలావరకు అక్కడే ఎదురవుతాయి. ఈ నవల 1860 డిసెంబరు నుంచి వారం వారం పత్రికలో వెలువడింది కాబట్టి, వారానికి ఒక భాగం ఎక్కడ ఆపాలో పిల్లల చేత నిర్ణయింపజేసే ప్రాజెక్టును తరువాతి పాఠంలో చూద్దాం.