స్టేట్, ఎక్సెప్షన్లు ఉన్న చిన్న భాషకు గణితార్థం రాయడం ఎలా

ఒకే మెమరీ గడి (అందులోని విలువే స్టేట్, అంటే స్థితి), ఎక్సెప్షన్లు (పనిని మధ్యలో ఆపేసే లోప సంకేతాలు) ఉన్న కాల్-బై-వాల్యూ భాషను, అంటే ఆర్గ్యుమెంట్‌ను ముందు లెక్కగట్టాకే ఫంక్షన్‌ను నడిపే భాషను తీసుకుందాం. చాలామంది ముందు మోనాడ్‌ను, అంటే గణనలను సూచించే గణిత నిర్మాణాన్ని ఎంచుకుని, తర్వాత దానికి ఆపరేషన్లు తగిలిస్తారు. మేం చెప్పేది దీనికి తిరగేసిన దారి: ఏ ప్రోగ్రాములు సమానమో ముందు సమీకరణాలుగా రాయండి, మోనాడ్ వాటిలోంచే బయటికొస్తుంది.

మొదట విలువలనూ గణనలనూ విడదీయాలి. 1989లో కంప్యూటర్ శాస్త్రవేత్త మోగ్గి చూపిన మార్గం ఇదే. అ అనే టైపు విలువల సమితి అ అయితే, అలాంటి విలువనిచ్చే గణనల సమితి మ(అ). ఫంక్షన్ టైపుకు అర్థం అ → బ కాదు, అ → మ(బ). వేరియబుల్‌కు అర్థం రిటర్న్ (విలువను అలాగే ఇచ్చే గణన), లెట్‌కు బైండ్ (ఒక గణన ఫలితాన్ని తర్వాతి గణనకు అందించడం). ఇక్కడే తొలి పొరపాటు జరుగుతుంది: ఆర్గ్యుమెంట్ ఏదైనా సరే బీటా నియమం (ఫంక్షన్ లోపల ఆర్గ్యుమెంట్‌ను నేరుగా ప్రతిక్షేపించడం) వాడేస్తారు. ఆర్గ్యుమెంట్‌ను పట్టించుకోకుండా 3 ఇచ్చే ఫంక్షన్‌కు రెయిజ్‌ను (ఎక్సెప్షన్‌ను లేపే గణన) ఇచ్చి చూడండి, 3 రాదు. ఆర్గ్యుమెంట్ విలువ అయినప్పుడే బీటా చెల్లుతుంది.

ఇప్పుడు గడి. గెట్(క) అంటే గడిలోని విలువను చదివి క అనే ప్రమేయానికి ఇవ్వడం. పుట్(వ, గ) అంటే వ ను గడిలో రాసి గ అనే గణనను నడపడం. మూడు సమీకరణాలు చాలు:

చదివినదాన్నే తిరిగి రాస్తే ఏమీ చేయనట్టే: గెట్(వ ↦ పుట్(వ, గ)) = గ.
రాసిన వెంటనే చదివితే రాసిందే వస్తుంది: పుట్(వ, గెట్(క)) = పుట్(వ, క(వ)).
రెండుసార్లు రాస్తే రెండోదే మిగులుతుంది: పుట్(వ, పుట్(ల, గ)) = పుట్(ల, గ).

వరుసగా రెండుసార్లు చదివితే ఒకే విలువ వస్తుందనే నాలుగో సమీకరణాన్ని కూడా తరచూ చేరుస్తారు. అది పై మూడింటి నుంచే వస్తుంది: మొదటి సమీకరణాన్ని కుడి నుంచి ఎడమకు వాడి బయట గెట్, పుట్ చేర్చండి, లోపలి రెండు గెట్‌లనూ రెండో సమీకరణంతో తొలగించండి.

ఈ నియమాలతో గెట్, పుట్, రిటర్న్‌లతో కట్టిన ఏ ప్రోగ్రామైనా ఒకే రూపానికి కుదించుకుపోతుంది: ఒకసారి చదువు, ఒకసారి రాయి, ఒక ఫలితం ఇవ్వు. అంటే స్థితి ఇస్తే ఫలితమూ కొత్త స్థితీ వస్తాయి. స్థితుల సమితి స అయితే మ(అ) = స → (అ × స). సరిచూసుకోవడానికి, స లో 2, అ లో 3 మూలకాలు ఉంటే ఒక్కో స్థితికి 6 ఎంపికలు, మొత్తం 6 × 6 = 36 గణనలు. వేరే సంఖ్య వస్తే ఏదో సమీకరణం తప్పిపోయింది, లేదా ఎక్కువైంది.

అసలు చిక్కు ఎక్సెప్షన్లు చేరినప్పుడు. వాటి సమితి ఎ అనుకుంటే రెండు అమరికలు సాధ్యం (+ అంటే రెండిట్లో ఏదో ఒకటి): స → ((అ + ఎ) × స), లేదా స → ((అ × స) + ఎ). తేడా పట్టించే ప్రోగ్రాము: 1 రాయండి, ట్రై లోపల 2 రాసి రెయిజ్ చేయండి, హ్యాండ్లర్‌లో (ట్రై లోపల లేచిన ఎక్సెప్షన్‌ను పట్టే భాగం) గెట్ చేయండి. మొదటి అమరిక 2 ఇస్తుంది. రెండోది 1 ఇస్తుంది, ఎందుకంటే ఎక్సెప్షన్‌తో పాటు స్థితి బయటికి రాదు, హ్యాండ్లర్ ట్రై మొదలైనప్పటి స్థితితోనే నడుస్తుంది. ఎంఎల్ అనే ప్రోగ్రామింగ్ భాష తరహా భాషలకు మొదటిదే సరి. లావాదేవీలా వెనక్కి తిప్పాలంటే రెండోది. సమీకరణాల భాషలో ఈ తేడా ఒక్క గీత: పుట్(వ, రెయిజ్) = రెయిజ్ అని ఒప్పుకుంటే రెండో అమరిక, ఏదీ చేర్చకపోతే మొదటిది. ముందు సమీకరణాలే రాయమనడం ఇందుకే. మోనాడ్ ట్రాన్స్‌ఫార్మర్లను (ఒక మోనాడ్‌కు మరో సౌకర్యాన్ని చేర్చే నిర్మాణాలు) పేర్చుతున్నప్పుడు ఈ నిర్ణయం తెలియకుండానే జరిగిపోతుంది.

ట్రైని కూడా గెట్, పుట్‌ల సరసన ఆపరేషన్‌గా రాయబోయి చిక్కుల్లో పడతారు. ఆపరేషన్ తర్వాత వచ్చే పనిని దాని లోపలి కొమ్మల్లోకి నెట్టినా అర్థం మారకూడదు. ట్రైకి అది కుదరదు: తర్వాతి పని రెయిజ్ చేస్తే, బయట ఉన్నప్పుడు హ్యాండ్లర్‌కు దొరకదు, లోపలికి నెడితే దొరుకుతుంది. పరిశోధకులు ప్లాట్కిన్, ప్రెట్నార్ 2009లో ఇచ్చిన జవాబు ప్రకారం హ్యాండ్లర్ అనేది ఆపరేషన్ కాదు. అది స్వేచ్ఛా బీజగణితం (మీ సమీకరణాలు తప్ప మరే నియమమూ లేని గణనల సమితి) నుంచి మరో బీజగణితానికి (అవే ఆపరేషన్లకు అర్థం ఉన్న మరో సమితి) పోయే హోమోమార్ఫిజం, అంటే ఆపరేషన్లను కాపాడే ప్రమేయం. కాబట్టి హ్యాండ్లర్ రాసే ప్రతిసారీ లక్ష్యంగా ఎంచుకున్న బీజగణితం మీ సమీకరణాలను పాటిస్తోందో లేదో చూడాలి.

రికర్షన్ ఉంటే సమితులు చాలవు. సమితుల బదులు, ఎక్కుతూ పోయే ప్రతి గొలుసుకూ కనిష్ఠ ఎగువ హద్దు ఉండే పాక్షిక క్రమ సమితులను తీసుకుని, ముగియని గణనకు గుర్తుగా ⊥ అనే కనిష్ఠ మూలకాన్ని చేర్చండి. దాన్ని ఫలితం, స్థితి రెండింటినీ కలిపిన జతకే తగిలించాలి: స → ((అ + ఎ) × స)⊥. ఫలితానికి మాత్రమే తగిలిస్తే, స్థితుల మధ్య క్రమమేమీ లేదు కనుక ఆ జతల్లో కనిష్ఠ మూలకమే ఉండదు. రికర్షన్‌కు అర్థమిచ్చే కనిష్ఠ స్థిర బిందువు కోసం చేసే పునరావృతం ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తేలదు.