పిల్లలకు సీ స్లగ్‌లను చూపించడం ఎలా?

బకెట్ ఇంట్లోనే వదిలి రండి. వల కూడా. విశాఖ తీరంలో రాళ్ల గుంటల దగ్గరికి, సీ స్లగ్‌లను, అంటే పైన గుల్ల లేని సముద్రపు నత్తలను చూపించడానికి పిల్లల్ని తెచ్చేవాళ్ల తప్పులన్నీ ఆ బకెట్‌తోనే మొదలవుతాయి.

అమావాస్యకో పౌర్ణమికో అటూ ఇటూగా ఒక రోజు ఎంచుకోండి. అప్పుడే ఆటుకు నీళ్లు బాగా దిగి రాళ్లు తేలతాయి. టైమ్ ఫోన్‌లో దొరుకుతుంది, గంట ముందే చేరుకోండి. నిన్నటి టైమ్ పనికిరాదు, రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. జోడుగుళ్లపాలెం, రుషికొండ, మంగమారిపేట, ఏదైనా సరే. వెనక పట్టీ ఉన్న చెప్పులు, టోపీ, మంచినీళ్లు. బొమ్మల పుస్తకం మాత్రం ముందే చూపించకూడదు. పేర్లు తెలిసిన పిల్లలు వెతకరు, టిక్కులు పెట్టుకుంటూ పోతారు.

అసలు కష్టం గుంట దగ్గర మొదటి పది నిమిషాలు. నీడ నీళ్ల మీద పడకుండా గొంతుక్కూర్చోబెట్టండి. చేతులు మోకాళ్ల మీదే. ముందు ఒక గుల్ల నడుస్తుంది, అది సన్యాసి పీత. తర్వాత రాతి పక్కన గోరంత రంగు ముద్ద కనిపిస్తుంది, అదే సీ స్లగ్. వీపు మీద పువ్వులా విచ్చుకున్నవి దాని మొప్పలు. వేలు తగిలితే లోపలికి లాగేసుకుంటుంది, మీరు వచ్చింది చూడటానికే కదా! పెద్దవాళ్లే "పట్టుకో, ఫొటో తీస్తా" అంటారు. నీళ్లలోంచి తీస్తే అది చీమిడి ముద్దలా కూలబడుతుంది. ఒకసారి ఓ బాబు సముద్రపు కుందేలును (అదీ ఒక రకం సీ స్లగ్గే) ఎత్తితే చొక్కా నిండా ఊదా సిరా. వాళ్లమ్మ నన్ను తిట్టింది.

ముట్టుకోవద్దనడానికి ఇంకో కారణముంది. కోన్ ఆకారపు గుల్లలో నత్త బతికే ఉండొచ్చు. వాటిలో కొన్ని జాతులు విషపు ముల్లు గుచ్చితే మనుషుల ప్రాణాలే పోయాయి. రాళ్ల మీద బొత్తాల్లా పరుచుకునే జోయాంథిడ్‌లు అనే జీవుల్లోనూ కొన్నింటికి గట్టి విషం ఉంటుంది. రాయి తిప్పితే, మెల్లగా, ఉన్నట్టే మళ్లీ పెట్టండి. కింద సేమియా చుట్టలా కనిపించేది సముద్రపు కుందేలు గుడ్లు కావచ్చు.

"ఇది చూస్తే మార్కులొస్తాయా?" అని ఓ తండ్రి అడిగాడు. ఈ సముద్రపు కుందేలు మీదే జ్ఞాపకశక్తి గుట్టు పరిశోధించిన ఎరిక్ కాండెల్‌కు 2000లో నోబెల్ వచ్చిందని చెప్పాను. అక్వేరియంలో అద్దం మీద కొట్టే పిల్లలకు ఈ ఓపిక రాదు, అందుకే నేను గుంటల పక్షం.

సముద్రానికి వీపు పెట్టి కూర్చోకండి. నీళ్లు మళ్లీ మీ గుంటలోకి పారడం మొదలవగానే లేవండి. ఇంకో ఐదు నిమిషాలని ఏడుస్తారు. ఏడవనివ్వండి.