అమ్మమ్మ పెళ్లి ఫోటోను బాగుచేసుకున్న తీరు

మా అమ్మమ్మ, తాతయ్యల పెళ్లినాటి నలుపు తెలుపు ఫోటో ఏళ్ల తరబడి ట్రంకుపెట్టెలో మడతపడి ఉండిపోవడంతో, అమ్మమ్మ చెంప మీదుగా తెల్లని గీత పడింది, కాగితమంతా పసుపు మరకలు పట్టాయి. దానిని 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కల స్పష్టతతో) రంగుల్లోనే స్కాన్ చేసి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచుకుని, ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ అయిన గింప్‌లో హీల్ టూల్‌తో గీతను చెరపడం మొదలుపెట్టాను. చెంప మీద బాగానే కుదిరింది గానీ, జుట్టు అంచు దగ్గరకు రాగానే నల్లని మసక నుదుటి మీదకు పాకింది.

ఒకప్పుడు నెగటివ్‌ల మీద పెన్సిలుతో రీటచింగ్ చేసి, ఇప్పుడు కంప్యూటర్ మీద పనిచేస్తున్న మా ఊరి స్టూడియో పెద్దాయనను అడిగాను. "అంచుల దగ్గర హీల్ వద్దమ్మా, చిన్న బ్రష్‌తో క్లోన్ వాడు. హీల్ చుట్టుపక్కల వెలుగునీడలను కలిపేసుకుంటుంది, క్లోన్ ఉన్నది ఉన్నట్టు తెచ్చిపెడుతుంది" అన్నారు.

మరకలకు ఆయన చెప్పిన ఉపాయం నాకు ఇంకా విలువైనదిగా తోచింది. పసుపు మరక నీలి కాంతిని పీల్చుకుంటుంది కనుక, ఫోటోను ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులుగా విడదీసి చూపే ఛానళ్లలో చూస్తే, బ్లూ ఛానల్‌లో ముదురుగా, రెడ్ ఛానల్‌లో చాలా పలుచగా కనిపిస్తుంది. గింప్‌లోని డీకంపోజ్‌తో ఛానళ్లను విడదీసి రెడ్ ఒక్కటే ఉంచుకున్నాక, బ్రష్ ముట్టుకోకుండానే చాలా మరకలు మాయమయ్యాయి.

చివరికి చూస్తే, అమ్మమ్మ బుగ్గచుక్కను కూడా మరక అనుకుని నేనే చెరిపేశాను. పనంతా అసలు ఫోటో పైన పరిచిన నకలు లేయర్ (పొర) మీద చేయడం వల్ల, అక్కడ, పై పొరలో ఏ భాగం కనిపించాలో నిర్ణయించే లేయర్ మాస్క్‌ను నల్లగా దిద్దగానే కింది లేయర్‌లోని చుక్క తిరిగి కనిపించింది.